షష్ఠమ్మ వాహనం

కత్తిపీట ముందు కూర్చుని సుతప బొచ్చె చేపకి బూడిద రాసి పొలుసు తీస్తోంది. పిల్లికూన తూము పక్క నుంచి పాకుతూ వచ్చి ఒక్క దూకు దూకింది. మణికట్టులో గోళ్లు దిగాయి. విదిలిస్తే బొటనవేలు కరిచి పట్టుకుంది.

"చచ్చినదానా, వదులు."

వదల్లేదు. ముక్కు మీద నీళ్లు చిలకరిస్తే అప్పుడు వదిలింది. అల్లంత దూరాన కూర్చుని, దెబ్బ తిన్నది తనే అయినట్టు పంజా నాక్కోసాగింది.

వానలు మొదలైనప్పుడు కట్టెల కొట్టులో దొరికిన కూన అది. గుప్పెడంత ఉండేది. ఇప్పుడు ఇల్లంతా దాని రాజ్యమే. కిటికీ తెర చింపింది. దుప్పటి చింపింది. కాస్త కన్ను మరల్చితే కూరగిన్నెలో చేపముక్క మాయం.

సుతప చెయ్యని ప్రయత్నం లేదు. చేతులకి వేపనూనె పూసుకుంది. గోళ్లు కత్తిరించబోయి చెంప గీయించుకుంది. గుడ్డపీలికలతో బంతి కట్టి ముందు పడేసింది. పిల్లి బంతిని వాసన చూసి, ఇచ్చిన చేతిని కరిచింది.

"నీ మొగుడి నిర్వాకమే ఇదంతా," అంది పిన్ని వరసయ్యే పక్కింటి అల్పన కాకిమా, గోడ మీద మోచేతులు ఆనించి. "కూనగా ఉన్నప్పుడు వేళ్లతో ఆడించాడు. ఇప్పుడు దానికి చెయ్యి కనిపిస్తే ఆటబొమ్మే."

"ఆయన్నేమీ అనదు కాకిమా. నన్నూ, మా అత్తగారినీ పీక్కుతింటోంది."

"మగపిల్లి కదే. ఆడవాళ్లంటే లోకువ."

అత్తగారు బిందువాసిని చేతులు చూసినప్పుడల్లా సుతపకి ఒళ్లు మండిపోతుంది. వేళ్ల నిండా గీతలే. మామగారు పోయినప్పటి నుంచి ఆవిడది తెల్లచీర, నీసు తగలని వేరే పొయ్యి, ఒంటిపూట భోజనం. వరండా మూల జపమాల తిప్పుకునే మనిషి మీదికి కూడా దూకాలా ఇది? పోనీ ఎక్కడైనా వదిలేద్దామంటే ఆవిడే ఒప్పుకోదు.

"పిల్లి అంటే సంతానమిచ్చే షష్ఠమ్మ వాహనం, బౌమా. దాన్ని ఇంట్లోంచి గెంటితే కడుపు పండదు," అంటుంది కోడలితో.

ఆ మాట వచ్చేసరికి సుతప పిల్లిని వదిలే ఊసు మానేస్తుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ఇంట్లో ఊయల వెయ్యలేదు.

గీతలూ కాట్లూ ఎలాగో ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది మరొకటి ఉంది. మొన్నామధ్య చేపముక్క పోయిన సంగతి విని కాకిమా నవ్వుతూ అంది, "కోడలు తిని పిల్లి పేరు చెప్పడం మన కాట్వా ఊళ్లో కొత్తా?" ఆ నవ్వు మొగుడు నిమాయి చెవిన పడింది. భోజనాల దగ్గర అతను పెళ్లాం కంచం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు కన్నా పిల్లి కాటే నయం అనిపించింది సుతపకి.

ఆ మధ్యాహ్నం నిమాయి సైకిల్ షాపు నుంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. సుతప ఆవ పెట్టిన చేప వడ్డించబోయి గరిటె ఆపింది. ఇందాక తను వండినప్పుడు పైన తేలుతూ కనిపించిన పొట్టముక్క లేదు.

"మళ్లీ పోయిందా?"

"నూతి దగ్గరికి వెళ్లొచ్చేసరికి ఆ పిల్లి..."

"పిల్లే తిందో, ఇంకెవరు తిన్నారో," అన్నాడు కంచంలోకి చూస్తూ.

సుతప కళ్లలో నీళ్లు తిరిగాయి. బిందువాసిని గబగబా వరండాలోంచి లేచి వచ్చింది. "కోడల్నెందుకురా అంటావు? పిల్లే తింది. నా కళ్లతో నేను చూశాను."

ఆ మాట నోట్లో ఉండగానే పిల్లి ఆవిడ కుడిచేతి మీదికి ఎగిరింది. రెండు పంజాలతో వేళ్లు వాటేసుకుని పళ్లు దించింది. ఎంత విదిలించినా ఊడదు. నిమాయి వచ్చి మెడ పట్టుకుని లాగితే గాని రాలేదు. తెల్లచీర మీద నెత్తుటి చుక్కలు పడ్డాయి.

"ఇక చాలు," అని గోనెసంచి తెచ్చి పిల్లిని అందులో కుక్కి మూతి బిగించాడు. "పడవెక్కించి ఏరు దాటిస్తాను. నీళ్లు దాటిన పిల్లి తిరిగి రాదు."

"వద్దురా నాయనా. కరిచింది నన్ను. నాకు లేని కోపం నీకెందుకు?"

"నువ్వు ఊరుకో అమ్మా. రేపు దానికి పిచ్చెక్కితే?"

నిమాయి చెయ్యి కడుక్కుని, రేవులో పడవ ఉందో లేదో కనుక్కోవడానికి వెళ్లాడు. వరండాలో గోనెసంచి అటూ ఇటూ దొర్లుతోంది. సుతప దాన్ని చూస్తూ నిలబడింది. పీడ వదిలింది. పిల్లితో పాటు తన మీద పడ్డ నింద కూడా ఏరు దాటిపోతుంది. షష్ఠమ్మకి కోపమొస్తే రానీ.

"రండమ్మా, సబ్బుతో కడిగి కట్టు కడతాను," అంది సుతప అత్తగారితో.

"సబ్బులో కొవ్వుంటుంది, నేను ముట్టనని తెలీదూ? ఇందాకే గంగమట్టితో తోముకున్నాను, చాల్లే." ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది.

"పిల్లి పంటితో ఆటలేమిటమ్మా? ఎంత లోతు దిగిందో చూడనివ్వండి."

సుతప ఆ చెయ్యి బలవంతంగా బయటికి లాగింది. గాటు సరిగ్గా కనపడక ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. ఆవిడ తల అటు తిప్పేసుకుంది.

మామగారు పోయాక చేప మాటే ఎత్తని ఆ మనిషి వేళ్ల నుంచి ఆవ పెట్టిన చేప వాసన గుప్పుమనేసరికి, సుతప ఆ చేతిని మెల్లగా ఆవిడ ఒళ్లోనే పెట్టి, గోనె మూతి విప్పి పిల్లిని వదిలేసి, చేపల సంచి అందుకుని ఇంకో చేప కోసం బజారు దారి పట్టింది.