నాన్న మిగిల్చింది

ఆదివారం ప్రార్థనకు వెళ్లివచ్చిన ఇయోసెఫో లుంగీ నడుముకు మరో చుట్టు తిరగడం చూసి, లాగి అనే ఆయన కూతురు మురిసిపోయింది. గుండె కోసం ఆయన బరువు తగ్గాలన్నది డాక్టరే. ఆ మాట విన్న రోజే ఆమె వంటలో ఉప్పునూ, కొబ్బరిపాలనూ మాన్పించింది.

సమోవా ఇళ్లలో పెద్దవాడు తిన్న తరువాతనే మిగిలినవారు తినాలి. లాగి ఆయన పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండగా, ఆయన ఉడికించిన చేమదుంపను కాస్త కొరికి పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

“నువ్వు తిను తల్లీ. చర్చి నుంచి వచ్చినప్పటి నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నావు.”

“రోజూ ఇదే వేషం! పిట్ట కూడా నీకంటే ఎక్కువ తింటుంది నాన్నా. ఇంకో ముక్క తింటేగాని లేవనివ్వను.”

ఆయన కాదనలేక తిన్నాడు. దుంప గొంతుకు అడ్డం పడింది. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డాయి. వీపు నిమిరిన లాగి అరచేతికి ఎముకలే తగిలాయి.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“కొబ్బరిపాలు మానినప్పటి నుంచీ. పొడిగా ఉంటే గొంతు దిగదమ్మా.”

“నోరు విప్పి చెప్పొచ్చుగా!”

“మా నాన్నను సన్నగా చేశానని చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నావుగా. నీ మొహం చిన్నబోతుందని...”

లాగి పళ్ళెం వైపు చూసింది. ఆయన ప్రేమతో మిగిల్చిన భాగమని, పెద్దవాడి దీవెన అని, ప్రతిపూటా దానిని చివరి ముక్క వరకూ తిన్నది తనే. ప్రార్థనకని తొడుక్కున్న తెల్లగౌను నడుము దగ్గర బిగిసిపోయి ఆమెను ఊపిరి తీసుకోనివ్వడం లేదు.