వాయవ్యపు మూల నీలం గది

ఒక్కరంటే ఒక్కరు కూడా వాడలేదు.

కాపలాదారు రామాంజనేయులు తలుపు తీసి చూపించాడు. ఆడవాళ్ళ కోసం తెచ్చిన మరుగుదొడ్డి, నీలం రంగు ప్లాస్టిక్ గది. లారీలోంచి దించిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. మగ్గుకు అతికించిన చీటీ కూడా ఊడలేదు. పక్కనే ఉన్న మగవాళ్ళ గదికి మాత్రం పొద్దస్తమానం తీరిక లేదు.

"ఆడకూలీలు అవస్థ పడుతున్నారన్నావు, తెప్పించాను. ఇప్పుడేం చెయ్యమంటావమ్మాయ్, దీనికి హారతివ్వమంటావా?" అన్నాడు అంకమ్మరావు.

మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టిస్తున్న ఆసామి ఆయన. పని చూసుకుంటున్న ఇంజనీరు నాగజ్యోతి. ఇంకా గోడలు లేవలేదు. ఆఫీసంటే నాలుగు రేకులు, ఒక బల్ల, ఒక కుర్చీ. ఆ రేకుల కింద నాగజ్యోతి తల వంచుకుని నిలబడింది. నిజానికి ఆయన మరీ కఠినుడేమీ కాదు. శనివారం సాయంత్రం లోపల ఏ ఒక్క ఆడమనిషి లోపలికి వెళ్ళి వచ్చినా గదిని ఉంచేస్తానన్నాడు. లేకుంటే వచ్చిన లారీలోనే దానికి తిరుగు ప్రయాణం.

ఆ గది ఎక్కడ ఉండాలో నిర్ణయించింది నాగజ్యోతే. గాలి ఎటు వీస్తుందో చూసింది. బోరుకు ఎంత ఎడంగా ఉండాలో కొలిచింది. మురుగు లాగే ట్యాంకరు ఎందాకా రాగలదో ఆలోచించింది. అన్నీ కలిసి వాయవ్యపు మూలనే చూపించాయి. మర్నాడు అంకమ్మరావు వెంటబెట్టుకొచ్చిన వాస్తు సిద్ధాంతి కూడా, చాలాసేపు కళ్ళు మూసుకుని, అదే మూలను చూపించాడు. తలుపు మాత్రం తూర్పుకే ఉండాలన్నాడు. కాకి వాలింది, తాటిపండు రాలింది అనుకుని నాగజ్యోతి లోలోపల నవ్వుకుంది. తలుపుకు ఎదురుగా టీ బడ్డీ, దాని పక్కన ఇనుము వంచే షెడ్డు. అదీ మేలే అనుకుంది. నలుగురి కళ్ళెదుట ఉన్న చోట ఆడవాళ్ళకు భయం ఉండదు.

ఇన్నాళ్ళూ వాళ్ళకు పక్కనున్న యలమంద పత్తి చేనే మరుగు. చివరి తీత అయిపోయింది. యలమంద పత్తికట్టె పీకిస్తున్నాడు. కట్టె చేలో నిలిస్తే గులాబీ పురుగు వచ్చే పైరుకూ తగులుకుంటుంది. పీకవద్దని చెప్పడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. ఆ పైనంతా మిరప చేలు. మిరప మొక్క మనిషి నడుము దాటదు.

ఇసుక మోసే రెబ్కాకు ఇప్పటికే రెండుసార్లు జ్వరం తగిలింది. మూత్రంలో మంట. నాగజ్యోతే స్కూటీ మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు బాగా తాగాలి, బిగబట్టుకోకూడదు, ఈసారి అశ్రద్ధ చేస్తే మూత్రపిండాలకే ముప్పు అన్నాడాయన. రెబ్కా అన్నిటికీ తలూపింది. మర్నాడు నాగజ్యోతి గ్లాసు నిండా నీళ్ళిస్తే, పెదవులు తడుపుకుని మిగతావి ఇటుకల మీద పోసేసింది.

శుక్రవారం అన్నాల వేళ నాగజ్యోతి ఆడవాళ్ళందరినీ నీడన కూర్చోబెట్టింది. బిగబట్టుకుంటే ఒంట్లో ఏం జరుగుతుందో బొమ్మ గీసి మరీ చెప్పింది. గడియ సరిగా పడటం లేదా? చీకటిగా ఉందా? నీళ్ళు చాలవా? ఏ లోపముంటే అది దిద్దిస్తానంది. అలవాటు లేదమ్మా అన్నారు వాళ్ళు. ఏమడిగినా అదే మాట.

"అందరూ వద్దు. ఒక్కరు వెళ్ళొస్తే చాలమ్మా, గది ఉండిపోతుంది," అంది చివరికి.

అందరిలోకీ పెద్దది హనుమాయమ్మ. తన గిన్నెలోంచి మజ్జిగ గ్లాసులో వంచి అందించింది. "ఎండన పడొచ్చావు తల్లీ. ముందు నువ్వు తాగు."

"ఇప్పుడే తాగానమ్మా."

హనుమాయమ్మ గ్లాసు వెనక్కి తీసుకుంది. "అవును. మేమూ ఇప్పుడే తాగాం," అంది. మిగతావాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు.

శనివారం మధ్యాహ్నం రెబ్కా లేచింది. కొంగు బిగించి గది వైపు నడిచింది. నాగజ్యోతి రెప్ప వేయకుండా చూసింది.

టీ బడ్డీ దగ్గర మాటలు ఆగిపోయాయి. ఇనుము వంచేవాళ్ళలో ఒకడు గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, దారివ్వండ్రా. రాణీగారు వేంచేస్తున్నారు," అన్నాడు ఇంకొకడు.

రెబ్కా ఆగలేదు. తలుపు దాటి ముందుకు పోయి, గది వెనక పడి ఉన్న ఖాళీ తట్ట ఎత్తుకుని, అందుకే వచ్చినదానిలా తిరిగి వచ్చేసింది.

నాగజ్యోతి ఆ కుర్రాణ్ణి మందలించింది. నేనేమన్నానండీ అన్నాడు వాడు. అక్కణ్ణుంచి అంకమ్మరావు దగ్గరికి వెళ్ళి, గదిని అటు తిప్పించి తలుపు ప్రహరీ గోడ వైపు పెట్టిద్దామని బతిమాలింది.

"తూర్పుకే ఉండాలని సిద్ధాంతి చెప్పాడు. నీ శాస్త్రం ప్రకారమూ చోటు ఇదేనన్నావు. ఇద్దరూ కలిసి చెప్పాక తిప్పడానికి నేనెవర్ని?" అన్నాడాయన. తర్వాత కొంచెం మెత్తబడి, "ఒక్క మనిషమ్మాయ్. ఇంకా పొద్దుంది," అన్నాడు.

పొద్దుంది. నాగజ్యోతి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, బిగుసుకుని, ఆ తలుపు వంకే చూస్తూ కూర్చుంది. ఎవరూ వెళ్ళలేదు.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. నీలం గదిని తాళ్ళు వేసి ఎక్కించారు. అవతల యలమంద చేలో చివరి సాలు కట్టె కూడా పడిపోయింది. రెబ్కా ఒకసారి చేను వంక, ఒకసారి లారీ వంక చూసి, తట్ట బోర్లించింది.

రోజూ లాగే ఆ సాయంత్రమూ, బ్రాడీపేటలో ఇంటి తాళం తీస్తూనే సంచీని గుమ్మంలో పడేసి, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న నాగజ్యోతి చెప్పులైనా విడవకుండా బాత్‌రూమ్‌లోకి పరుగెత్తింది. సంచీలోంచి దొర్లిన నీళ్ళ సీసా, ఉదయం నింపింది నింపినట్టే ఉంది.