నత్తలు తినే చేప

అక్వేరియం అద్దం నిండా నత్తలే. సాయంత్రం ఇంట్లో చర్చి స్త్రీల కూడిక. నర్సు మెర్లిన్ ఆ రోత భరించలేక, మదనపల్లె బజారంతా వెతికి, చన్నీళ్లలో గోల్డ్‌ఫిష్‌లతో సర్దుకుపోయే చేపనొకదాన్ని తెచ్చి వదిలింది. అది నత్తల్ని తింటుందట.

చేప ఒక గుల్లకు మూతి ఆనించి లోపలి మాంసాన్ని జుర్రింది.

మెర్లిన్ మొహం తిప్పుకుంది. "థూ! ఎట్ల తింటాదో!"

"యాలమ్మా అట్లంటావు?" అంది తల్లి అన్నమ్మ. "నర్సు ట్రైనింగుకు పొయ్యేదాకా నువ్వూ అట్లే తింటివే. మడికాలవలో ఏరుకొచ్చి మిరియాలేసి వండితే, ఒక్క గుల్లా ఇడిసిపెట్టకుండా జుర్రితివి."

"మెల్లగా మాట్లాడమ్మా! సంఘమోళ్లు వచ్చే టైమైంది."

మెర్లిన్ వాకిట్లోకి పరుగెత్తి అసహ్యంగా ఉమ్మేసింది. ఆ మిరియాల ఘాటు గుర్తొచ్చి, మళ్లీ నోరూరింది.