అర్హత

మిర్యాలగూడలో గంజాయి మాన్పించే కేంద్రానికి పథకం రాసింది నేనే. భయపెడితే మానరు, ఆశ చూపితే మానుతారని పుస్తకాల్లో చదివాను. వారం వారం చేసే మూత్రపరీక్షలో వరసగా ఎనిమిది వారాలు గంజాయి కనబడకపోతే రైస్‌మిల్లులో ఉద్యోగం. పన్నెండుమంది మానేశారు. శాలువా మాత్రం మా పై అధికారి కప్పించుకున్నాడు.

డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఎలీషా వచ్చాడు.

"నాకు సుత మిల్లుల నౌకరి ఇప్పియ్యుండ్రి సార్."

"నీకు అలవాటే లేదు గదరా. గిది మానినోళ్లకే."

"తాగకపోవుడే నా తప్పా సార్?"

నవ్వి పంపించేశాను.

నెల తిరిగేసరికి మళ్లీ వచ్చాడు. గంజాయి ఉన్నట్టు తేల్చిన పరీక్ష చీటీ నా బల్ల మీద పెట్టాడు.

"గిప్పుడన్న నా పేరు రాసుకోండ్రి సార్."

రాసుకున్నాను. ఏడాదైంది. వాడు ఒక్క వారం కూడా పరీక్ష నెగ్గలేదు.