మూడు నెలల గడ్డి

“దాని మీంచి చెయ్యి తియ్యి” అన్నాడు తండ్రి.

కూతురు తియ్యలేదు. గడ్డి కోసే మిషన్ని ఆసుపత్రి వెనక గచ్చు మీద పడుకోబెట్టి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఎదురుగా ఆవరణ నిండా నడుమెత్తు పిచ్చిమొక్కలు. సాయంత్రానికి అవి నేలమట్టం కాకపోతే రేపటినుంచి ఈ పని పక్కవీధి బట్టతల మేస్త్రికి వెళ్ళిపోతుంది. తండ్రి కుడిచెయ్యి చూస్తే మణికట్టు నుంచి మోచేతిదాకా సిమెంటు కట్టులో ఉంది.

“నాలుగేళ్ళుగా నీ వెనకాలే తిరుగుతున్నాను నాన్నా. నాకొచ్చు.”

“చూస్తే వచ్చేస్తుందా? అది పువ్వులు కోసే కత్తెర కాదు, తిరిగే బ్లేడు. దానికి మొండి గుండె కావాలి. మా నాన్న...”

కాస్త దూరంగా బెంచీ మీద నాన్నమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. “మొదలెట్టాడు” అని గొణిగింది.

“మా నాన్న నడుం పట్టేసి కూడా మూడు నెలలపాటు ఈ ఆవరణలో ఒక్క పరక పెరగనివ్వలేదు. నేను ఆ ఏడాది పరాయి ఊళ్ళో పనిలో ఉన్నాను కాబట్టి కళ్ళారా చూడలేదు గానీ, ఇక్కడివాళ్ళు మెచ్చుకుంటూ రాసిచ్చిన కాయితం మన గోడ మీద ఉందా లేదా? మగాడి పట్టుదలంటే అదీ. ఏమ్మా, చెప్పవేం?”

“నన్నడుగుతావేంరా? నాకేం తెలుసు మిషన్ల సంగతి” అంది నాన్నమ్మ.

కూతురు తలెత్తకుండానే, “నాన్నా, నువ్వు కూడా తాడుకి అవతలికి జరగాలి” అంది.

“ఏ తాడు?”

“పొద్దున్నే కట్టాను. చుట్టూ పదిహేను మీటర్ల దూరంలో. బ్లేడు తిరుగుతుంటే ఎవరూ లోపలికి రాకూడదు కదా. గడ్డిలో కూడా తిరిగి చూశాను. రాళ్ళు, తీగ ముక్కలు, పగిలిన సీసాలు ఏరి బస్తాలో వేశాను.”

తండ్రి గోడవారనున్న బస్తా వైపు చూశాడు. సగానికి పైగా నిండి ఉంది.

“సరే. స్టార్టు చెయ్యి చూద్దాం.”

కూతురు స్టార్టు చెయ్యలేదు. పొరపాటున ఇంజను రాజుకోకుండా ముందు ప్లగ్గు టోపీ ఊడదీసింది. మందపాటి చేతితొడుగులు వేసుకుని బ్లేడుని మెల్లిగా చుట్టూ తిప్పింది. ఒక పన్ను మొదట్లో వేలు ఆగింది. అక్కడ వెంట్రుకంత గీత.

“దీంతో చెయ్యను నాన్నా. పగులుంది. తిరిగేటప్పుడు ముక్క ఊడిందంటే ఎక్కడికి ఎగురుతుందో తెలీదు.”

తండ్రి కనుబొమలు పైకి లేచాయి. ఆ పగులు అతను నిన్ననే చూశాడు. చూసీ చెప్పలేదు.

“అయితే మార్చు. కొత్త బ్లేడు సంచిలో ఉంది. నేను మాత్రం నోరు విప్పను. మారిస్తే ఇవాళ్టి పని నీది. లేదంటే అన్నీ సర్దేసుకుని ఇంటికి.”

కళ్ళద్దాలు, బూట్లు, పిక్కలకి కట్టుకునే డిప్పలు, బ్లేడు ఏ వైపు తగిలితే మిషన్ వెనక్కి తంతుందో, అన్నీ కూతురికి కంఠతా వచ్చు. బ్లేడు మార్చడం ఒక్కటే ఎన్నడూ చూడలేదు. ఆ పని తండ్రి షెడ్డులో తలుపేసుకుని చేసుకునేవాడు.

గేరు దగ్గర చిల్లు కనిపించింది. అందులో పిన్ను దూర్చింది. బ్లేడు కదలకుండా నిలిచింది. అంతవరకూ బాగానే ఉంది. నట్టుకి స్పానరు పట్టించి ఎడమవైపు తిప్పింది. కదల్లేదు. రెండు చేతులా తిప్పింది. కదల్లేదు. పళ్ళు బిగబట్టి ఒళ్ళంతా వేసి తిప్పితే చేతులు మండాయి తప్ప నట్టు ఉలకలేదు, పలకలేదు.

ప్రహరీ అవతలనుంచి బట్టతల ఒకటి పైకి లేచింది.

“ఏం మేస్త్రీ, అమ్మాయితో గడ్డికి దండం పెట్టిస్తున్నావా? తొందరేం లేదులే, రేపొచ్చి నేను కోసుకుంటాను.”

తల మళ్ళీ గోడ కిందికి దిగిపోయింది. కూతురు ముఖం ఎర్రబడింది. కళ్ళు తుడుచుకుంటే తండ్రి చూస్తాడని తుడుచుకోలేదు. మళ్ళీ ఎడమవైపే తోసింది.

తండ్రి గొంతు తగ్గించాడు. “చాల్లే తల్లీ. నువ్వు చేసినంతవరకూ బాగానే చేశావు. లే, సర్దేద్దాం.”

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది.

“అటు కాదే పిచ్చిమొహమా” అంది నాన్నమ్మ బెంచీ మీంచే. “అటు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఆ నట్టుకి తలతిక్క, అన్నిటికీ ఎదురు. కుడివైపు తిప్పు.”

కూతురు కుడివైపు తిప్పింది. కిర్రుమంది నట్టు. మరో రెండు తిప్పులకి చేతిలోకి ఊడి వచ్చేసింది.

తండ్రి మెల్లిగా తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, నీకెలా తెలుసు?”

నాన్నమ్మ ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది.

“మీ నాన్న మూడు నెలలు మంచం దిగకపోతే, ఇక్కడి గడ్డి దానంతటదే కోసుకుందనుకున్నావురా?”