నలభై రెండు కిలోమీటర్లు

వరద వంతెనను ఎత్తుకుపోయిన మరుసటి ఏడాది సంగతి. ఆ వరదప్పుడు, వంతెన దగ్గర నీళ్ల లోతు చూసొస్తానని లారీ దిగిన అన్న మళ్లీ ఎక్కలేదు. ఆ కరెంటు లారీయే తమ్ముడి చేతికొచ్చింది.

రాత్రి వందకి వంద చార్జి చేసి ప్లగ్గు తీస్తే, తెల్లారేసరికి ఎనభై మూడే ఉండేది.

“బ్యాటరీ ముసలిదైందిరా. మునుపు మూడొందల కిలోమీటర్లు లాగేది, ఇప్పుడు రెండొందల యాభైకే ఆయాసం,” అన్నాడు మెకానిక్ మామ.

“ముసలితనం రాత్రిపూటే వస్తుందా మామా?”

నిలబడ్డ బండికి మీటరులో రాత్రికి నలభై రెండు కిలోమీటర్లు పెరుగుతున్న సంగతి మాత్రం తమ్ముడు చెప్పలేదు. కొట్టుకుపోయిన వంతెన ఇంటి నుంచి ఇరవై ఒకటో కిలోమీటరులో ఉండేది.

ఆ రాత్రి తాళంచెవి జేబులో వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. చక్రాలు కదల్లేదు. తెర దానంతటదే వెలిగి, కిలోమీటర్లు ఒక్కొక్కటే పెరిగాయి. ఇరవై ఒకటి దగ్గర ఆగాయి. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. పక్క సీటులో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట మోగసాగింది. తమ్ముడు అటు తల తిప్పలేదు. అంకెలు మళ్లీ కదిలాయి.

“ఏం తేలిందిరా?” అన్నాడు పొద్దున్నే మామ.

“బ్యాటరీ ముసలిదే మామా.”

మళ్లీ రాత్రయి, ఇరవై ఒకటి దగ్గర గంట మోగినప్పుడు, చూపు ఎదురుగా రోడ్డు మీదే ఉంచి, చేయి చాచి పక్క సీటు బెల్టు పెట్టాడు. అప్పుడు ఆగింది గంట.