పనికిరాని ఎనభై మూడు

"అవి చేతులా, చచ్చిన చేపలా?"

వెర్నన్ స్టాగ్స్ గొంతు మైదానం ఆ చివరి దాకా వినిపించింది. తాడు అవతల నిలబడి ప్రాక్టీసు చూస్తున్న అభిమానులు పగలబడి నవ్వారు. ఎనభై మూడో నంబరు చొక్కా తొడుక్కున్న టెరెల్ బాస్కిన్, జారిపడ్డ బంతిని తీసుకుని తల వంచుకుని లైనులోకి వెళ్లాడు.

స్టాగ్స్ ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి రిసీవర్ల కోచ్. విసిరిన బంతిని పరుగెత్తుతూ అందుకోవడమే రిసీవర్ల పని. అందుకోగలిగేవాడెవడో, లేనివాడెవడో తేల్చడంలో స్టాగ్స్ మాటకు తిరుగులేదని ముప్ఫయ్యేళ్లుగా పేరు. బాస్కిన్ ఈ ఏడే అలబామా నుంచి వచ్చాడు. ఇంకో ఆర్నెల్లలో పూర్తయ్యే కాలేజీ చదువును మధ్యలో వదిలేసి మరీ వచ్చాడు.

శిక్షణ క్యాంపు మొదలైన నాలుగు రోజులూ స్టాగ్స్ అతణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఐదో రోజు మంగళవారం. గాల్లోకి ఎగిరి బంతి పట్టిన బాస్కిన్‌ని అవతలి వైపు ఆటగాళ్లిద్దరు చెరోపక్క నుంచీ వచ్చి గుద్దేశారు. తల నేలకి కొట్టుకుని కాసేపు లేవలేదు. జట్టు డాక్టరు గుడారంలోకి తీసుకెళ్లి, ఏవో ప్రశ్నలడిగి, బాగానే ఉన్నాడని పంపేశాడు.

"బాగుండక ఏమవుతుంది?" అన్నాడు స్టాగ్స్ పక్కనున్నవాళ్లతో. "తల పగలాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలిగా!"

ఇక అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. బాస్కిన్ ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిరిగితే, "కుడిచెయ్యేదో తెలియనివాడికి కాలేజీలో సీటెవడిచ్చాడ్రా?" అన్నాడు. చెప్పిన ఎత్తుగడ మరిచిపోతే, "నీకంటే మా కుక్క నయం, పిలిస్తే వస్తుంది," అన్నాడు. రేడియోవాళ్ల ముందూ అదే పాట.

"ఎనభై మూడా? నీళ్లు మోయడానికైతే పనికొస్తాడేమో. అవీ ఒలకబోస్తాడు."

రెండు రోజుల్లో అభిమానులూ అందుకున్నారు. "ఓయ్, చేపల చేతులోడా!"

ఆగస్టు ఆఖర్లో జట్టు జాబితా ఖరారు చేసే రోజొచ్చింది. తొంభై మందిలో యాభై మూడు మందే మిగలాలి. హెడ్ కోచ్ గోర్మన్ లీహీ కాగితం ముందేసుకుని తల గోక్కున్నాడు.

"వెర్నన్, ఈ బాస్కిన్ మొదటి నాలుగు రోజుల్లో నలభై నాలుగు బంతులకి నలభై ఒకటి పట్టాడయ్యా."

"గుద్దేవాడు లేకపోతే మా అమ్మమ్మ కూడా పడుతుంది."

"పోనీ, ఆ దెబ్బ వంకన గాయాల జాబితాలో వేసి ఏడాది అట్టేపెడదామా?"

"ఏడాది పోయాక మళ్లీ నా నెత్తినెక్కించడానికా? గాయం అన్న మాటే రాయకు. చేతకానివాడని రాయి. కావాలంటే కింద నేను సంతకం పెడతా."

లీహీ ఆ పేరు కొట్టేశాడు.

బాస్కిన్ సంచి భుజాన వేసుకుని స్టాగ్స్ గదికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మాట కోచ్. మీ దగ్గర నేర్చుకోవాలనే ఏరికోరి ఈ జట్టుకొచ్చా. నేను నిజంగా అంత పనికిరానివాణ్ణా?"

స్టాగ్స్ తింటున్న శాండ్‌విచ్ మీంచి తలెత్తలేదు.

"పనికిరానివాళ్లని చాలామందిని చూశా. వాళ్లంతా నీకంటే నయం. వెళ్లి ఆ మిగిలిన చదువేదో చదువుకో. పోతూ తలుపెయ్యి."

బాస్కిన్ తలుపు వెయ్యలేదు. గోడ అదిరేలా విసిరికొట్టి పోయాడు.

అంతటితో వదిలేసినా బాగుండేది. ఆ వారంలోనే వేరే జట్లు మూడు అతని గురించి వాకబు చేశాయి. మూడింటికీ స్టాగ్స్ ఫోనులో ఒకటే చెప్పాడు. "పట్టుకుపోండి, మీ ఖర్మ. చేతిలో పెట్టినా జారవిడుస్తాడు." ముప్ఫయ్యేళ్ల పేరు ఊరికే పోతుందా? మూడు జట్లూ వెనక్కి తగ్గాయి.

సీనియర్ రిసీవర్ ఒకడు ఉండబట్టలేక అడిగేశాడు. "పడ్డవాణ్ణి ఇంకా తన్నడమెందుకు కోచ్?"

"నీ పేరు కూడా కొట్టించమంటావా?" అన్నాడు స్టాగ్స్.

ఆ రోజు నుంచి భోజనాల హాల్లో ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. స్టాగ్స్ ఒక్కడే తిన్నాడు, ఒక్కడే లేచాడు.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం స్టాగ్స్ గదిలో ఫోను మోగింది. చేసింది బాస్కిన్ తల్లి లొరెట్టా. అలబామాలో ఒక బడిలో పిల్లలకు వండిపెట్టే మనిషి.

"నా కొడుకు మీకేం ద్రోహం చేశాడు సార్? మీ జట్టులోంచి తీసేశారు, సరే. ఇంకెక్కడా నిలవనివ్వకుండా చేశారే! ఏడేళ్ల వయసు నుంచి వాడికి ఈ ఆట తప్ప వేరే ధ్యాస లేదు. వారమైంది, గదిలోంచి బయటికి రావడం లేదు. తలుపు దగ్గర పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటోంది. అంత మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? మనిషేనా మీరు?"

ఆమె తిట్టవలసినవన్నీ తిట్టి, ఏడ్చి, అలిసి ఆగేదాకా స్టాగ్స్ విన్నాడు. తర్వాత లేచి గది తలుపు మూసి వచ్చాడు.

"అమ్మా, ముప్ఫయ్యేళ్లలో మీవాడంత గొప్ప ఆటగాణ్ణి నేను చూడలేదు, కానీ ఆ మంగళవారం డాక్టరుకి బట్టీపట్టిన జవాబులన్నీ అప్పజెప్పి గుడారంలోంచి బయటికొచ్చాక, 'ఇది ఏ ఊరు కోచ్?' అని వాడు నన్ను మూడుసార్లు అడిగాడు."